ఇంకెంతమందికి దగ్గుంది?

మా మామ జమ్మలమడుగు, ఎర్రగుంట్ల మధ్య ఒక బండల పాలిష్ ఫ్యాక్టరీలో పద్నాలుగేళ్ళుగా పని చేస్తున్నాడు. మన ఇళ్ళల్లో నేల మీద, మెట్ల మీద, వంటింటి అరుగు మీద ఉండే కడప బండ ఉంది కదా, దాన్ని కోసి, అంచులు సరిచేసి, నునుపు చేసే పని. పోయినేడాది ఆయనకు దగ్గు పట్టుకుంది. మొదట జమ్మలమడుగులో చూపించుకున్నాడు. సిరప్పు, యాంటీబయాటిక్ ఇచ్చారు. తగ్గలేదు. ప్రొద్దుటూరుకు పోయాడు. ఎక్స్‌రే తీశారు, రక్త పరీక్షలు చేశారు, ఇన్‌హేలర్ రాశారు. నెల రోజులు బాగుండి మళ్ళీ మొదలైంది. మా పిన్ని వాళ్ళుండేది పులివెందులలో. అక్కడొక మంచి డాక్టరున్నాడని ఆమె చెబితే అక్కడికీ పోయాడు. మళ్ళీ ఎక్స్‌రే, కఫం పరీక్ష, ఇంకో ఇన్‌హేలర్. మూడు ఊళ్ళు, ఐదు నెలలు, బస్సు చార్జీలూ పోగొట్టుకున్న కూలీ కలుపుకుంటే ముప్పై వేల పైనే అయ్యింది.

వాళ్ళు తప్పు వైద్యం చేశారని నేను అనడం లేదు. దగ్గుకు ఏం చేయాలో అదే చేశారు. టీబీ లేదని తేల్చారు, అది చిన్న విషయం కాదు. కానీ మూడు చోట్లా ఒక ప్రశ్న ఎవరూ అడగలేదు. ఆ ప్రశ్న వాళ్ళ ఊరికి 104 బండి వచ్చిన రోజు, దాంతో పాటు వచ్చిన పీహెచ్‌సీ డాక్టరు అడిగాడు. కుర్ర డాక్టరే, మా సీనియర్లంత వయసు ఉంటుందేమో.

"అన్నా, నువ్వేం పని చేస్తావు?"

మామ చెప్పాడు. "మిషన్ మీద నీళ్ళు పడతాయా, పొడిగానే కోస్తారా?" అని రెండో ప్రశ్న. పాలిష్ మిషన్ మీద నీళ్ళు పడతాయి, అంచులు కోసే చేతి కట్టర్‌కు మాత్రం పడవు అన్నాడు మామ. ఆయన పని ఆ కట్టర్ దగ్గరే. మూతికి టవల్ కట్టుకుంటాడు. డాక్టరు మూడో ప్రశ్న అడిగాడు.

"మీ ఫ్యాక్టరీలో ఇంకెంతమందికి దగ్గుంది?"

మామకు ఈ మూడో ప్రశ్న అర్థం కాలేదంట. "నా దగ్గుకు వాళ్ళ దగ్గుతో ఏం పని సార్?" అన్నాడంట. పండక్కి ఇంటికి పోయినప్పుడు నాకు చెప్పి నవ్వాడు. నాకు మాత్రం నవ్వు రాలేదు. ఆ రాత్రంతా ఆ ప్రశ్న గురించే ఆలోచించాను. ఇలా అడిగే డాక్టర్లు ఎక్కడుంటారు? వాళ్ళకేమన్నా పేరుందా? ప్రొద్దుటూరులో ఎవరన్నా ఉన్నారా అని ఫోన్‌లో వెతికాను. వచ్చినవి చూడండి: జనరల్ ఫిజీషియన్లు, షుగర్ క్లినిక్‌లు, "ఫుల్ బాడీ చెకప్" ఆఫర్లు, బరువు తగ్గించే సెంటర్లు. జమ్మలమడుగుకూ పులివెందులకూ వెతికితే ఇవే, ఇంకా తక్కువ. నేను వెతికిన మనిషి ఒక్కరూ కనపడలేదు.

వెతికే పద్ధతే తప్పని నాకు తర్వాత అర్థమైంది. ఈ వ్యాసం దాని గురించే.

ఆ చదువుకు పేరుంది. ఎంబీబీఎస్ అయ్యాక మూడేళ్ళ ఎండీ, కమ్యూనిటీ మెడిసిన్. పాత పేరు సోషల్ అండ్ ప్రివెంటివ్ మెడిసిన్, మెడికోలు ఎస్‌పీఎం అంటారు. గుండె డాక్టరు ఒక గుండెను చూస్తాడు, కంటి డాక్టరు ఒక కన్నును చూస్తాడు. ఈ డాక్టరు ముందు కూర్చునే పేషెంట్ ఒక ఊరు, ఒక బడి, ఒక ఫ్యాక్టరీ. అందుకే "నీకేమైంది" తర్వాత "ఇంకెవరికి అయ్యింది, ఎక్కడ, ఎప్పటినుంచి" అని అడుగుతాడు.

ఇదేం కొత్త సంగతి కాదు. రోగిని అడిగే ప్రశ్నల్లో "ఏం పని చేస్తావు" అన్నది కూడా చేర్చాలని ఇటలీలో రామజ్జిని అనే వైద్యుడు 1700లోనే పుస్తకం రాసి మరీ చెప్పాడు. 1854లో లండన్‌లో కలరా వచ్చినప్పుడు జాన్ స్నో అనే డాక్టరు చనిపోయిన వాళ్ళ ఇళ్ళను మ్యాప్ మీద గుర్తు పెట్టుకుంటూ పోతే, చావుల్లో చాలావరకు బ్రాడ్ స్ట్రీట్‌లోని ఒక నీళ్ళ పంపు చుట్టూ గుంపుగా కనిపించాయి. ఆ పంపు హ్యాండిల్ తీయించాడు. మందు కనిపెట్టలేదు, ఆపరేషన్ చేయలేదు. మన డేటా సైన్స్ క్లాసులో చెప్పే పనే, కాకపోతే ఆయన కాగితం మీద చేశాడు.

అంత దూరం పోనక్కర్లేదు. మన పక్క జిల్లా కథే చెప్తా. 1930లలో పొదిలి, దర్శి వైపు రైతులు తమ ఎద్దులు కీళ్ళు బిగుసుకుపోయి నడవలేకపోవడం గమనించారు. అప్పట్లో ఆ ప్రాంతం నెల్లూరు జిల్లాలో ఉండేది. మనుషుల్లోనూ అదే కనిపించింది, పళ్ళు గారపట్టడం, నడుము వంగిపోవడం. 1937లో షార్ట్ అనే డాక్టరు, ఆయన తోటివాళ్ళు పరిశోధించి, కారణం తాగే నీళ్ళల్లోని ఫ్లోరైడ్ అని రాశారు. మన దేశంలో ఫ్లోరోసిస్ గురించి వచ్చిన తొలి రిపోర్టుల్లో అదొకటి. అంటే దేశానికి ఆ జబ్బు తెలిసింది తెలుగు రైతుల ఎద్దుల వల్ల. కీళ్ళనొప్పులకు ఒక్కొక్కరికీ నూనె రాస్తూ కూర్చుని ఉంటే ఎన్నేళ్ళైనా బావి నీళ్ళ సంగతి బయటపడేది కాదు. తాగే నీళ్ళల్లో ఫ్లోరైడ్ లీటరుకు 1.5 మిల్లీగ్రాములు దాటకూడదు అని ఇప్పుడు మనం చెప్పుకునే లెక్క వెనక ఇలాంటి వాళ్ళ పనే ఉంది.

ఇప్పుడు మన మూడు ఊళ్ళ వైపు చూడండి. పులివెందుల వైపు బోర్లు లోతుకు పోయేకొద్దీ నీళ్ళ నాణ్యత గురించి భయం. తుమ్మలపల్లె యురేనియం గని చుట్టుపక్కల ఊళ్ళ వాళ్ళు నీళ్ళు పాడైపోయాయని, చర్మం మీద దద్దుర్లు వస్తున్నాయని, పంటలు ఎండుతున్నాయని ఏళ్ళుగా చెప్తున్నారు. అదేం లేదని కంపెనీ చెప్తోంది. ఎవరిది నిజమో తేల్చాల్సింది టీవీ చర్చలు కాదు. ఇంటింటికీ తిరిగి, ఎవరికి ఏముంది, ఏ బోరు నీళ్ళు తాగుతారు, గనికి ఎంత దూరం అని రాసుకుని, దూరంగా ఉన్న ఇంకో ఊరితో పోల్చి చెప్పే డాక్టరు. జమ్మలమడుగు, ఎర్రగుంట్ల వైపు బండల ఫ్యాక్టరీలు, సిమెంటు ఫ్యాక్టరీలు, ముద్దనూరు దగ్గర ఆర్‌టీపీపీ బూడిద. ప్రొద్దుటూరులో బంగారు పని చేసే వాళ్ళు యాసిడ్ పొగల మధ్య కూర్చుంటారు, మగ్గం గుంతలో కాళ్ళు పెట్టి రోజంతా నేసే వాళ్ళున్నారు, వానొస్తే పొంగే కాలువలు, దోమలు ఉండనే ఉన్నాయి. వీటిలో ఒక్కదానికీ ఒక పేషెంటును ఒక రూములో కూర్చోబెట్టి వైద్యం చేయలేం.

నా రూమ్మేట్‌కు ఇదంతా చెప్తే వాడొక మాటన్నాడు: "రేయ్, గుండె ఆపరేషన్‌కే మనం తిరుపతికో హైదరాబాద్‌కో పోతాండాం. ముందు ఆ డాక్టర్లు రానీరా. జబ్బు రాకుండా చూసే డాక్టరంటావేంది?"

వాడు చెప్పిందాంట్లో న్యాయం ఉంది. మన ప్రాంతానికి ఆ బాధ బాగా తెలుసు. రాజశేఖరరెడ్డి గారు డాక్టరుగా మొదలుపెట్టింది జమ్మలమడుగు మిషన్ ఆస్పత్రిలోనే. తర్వాత 1973లో పులివెందులలో తండ్రి పేరుతో ఆస్పత్రి కట్టారు. ముఖ్యమంత్రి అయ్యాక 2007లో ఆరోగ్యశ్రీ తెచ్చారు. డబ్బులేక ఆపరేషన్ ఆగిపోయే కుటుంబాలను దగ్గర్నుంచి చూసిన వైద్యుడికి తట్టే ఆలోచన అది. ప్రభుత్వాలు మారినప్పుడు పేరు మారింది, ఇప్పుడు ఎన్టీఆర్ వైద్య సేవ అంటున్నారు, కానీ పథకాన్ని తీసేసే ధైర్యం ఎవరికీ లేదు. మా జేజికి స్టెంట్ పడింది దానివల్లే. కాబట్టి దాన్ని తక్కువ చేసి మాట్లాడితే నా నోరే నన్ను తిడుతుంది.

కానీ ఆ కార్డు ఎప్పుడు పని చేస్తుంది? గుండెపోటు వచ్చాక. కిడ్నీ పాడయ్యాక. మా జేజికి బీపీ ఉందని గుండెపోటు వచ్చిన రోజే తెలిసింది. అంతకు ముందు ఎన్నేళ్ళ నుంచి ఉందో ఎవరికీ తెలియదు, ఎవరూ చూడలేదు కాబట్టి. మనకు మెకానికల్ వాళ్ళు చెప్పే పాఠమే ఇది. మిషన్ చెడిపోయాక బాగుచేస్తే బ్రేక్‌డౌన్ మెయింటెనెన్స్, చెడిపోకుండా టైముకు చూసుకుంటే ప్రివెంటివ్ మెయింటెనెన్స్. మొదటిదానికే డబ్బులిచ్చి రెండోదానికి ఇవ్వని ఫ్యాక్టరీని మనం పరీక్షలో తప్పు పడతాం. జిల్లాను మాత్రం అలాగే నడుపుకుంటున్నాం.

ఇక అసలు ప్రశ్న. ఈ డాక్టరు ప్రొద్దుటూరులో బోర్డు పెట్టుకుని ఎందుకు కూర్చోడు? కూర్చుంటే ఆయనకు ఫీజు ఎవరిస్తారు? రాని జబ్బుకు ఎవరూ డబ్బు కట్టరు. ఆయన వల్ల పది మందికి టైఫాయిడ్ రాకుండా పోతే, ఆ పది మంది ఎవరో వాళ్ళకే తెలియదు. థ్యాంక్స్ చెప్పడానికి కూడా ఎవరూ రారు. కాబట్టి ఇది ప్రైవేటు ప్రాక్టీసుతో నడిచే పని కాదు, జనం డబ్బుతో జనం పెట్టుకోవాల్సిన ఉద్యోగం. మెడికోల్లో కూడా దీని పరిస్థితి మన ఈఏపీసెట్ కౌన్సెలింగ్ లాంటిదే. సీఎస్ఈ సీట్లు ముందు అయిపోయినట్టు పీజీలో రేడియాలజీ, జనరల్ మెడిసిన్ ముందు అయిపోతాయి. కమ్యూనిటీ మెడిసిన్ చివర్లో మిగిలే వాటిల్లో ఉంటుంది. తీసుకున్న వాళ్ళలో కూడా ఎక్కువ మంది మెడికల్ కాలేజీల్లో పాఠాలు చెప్పే ఉద్యోగాలకే పోతారు, ఎందుకంటే ఆ ఉద్యోగాలే ఉన్నాయి.

ఇలా ఉండాల్సిన అవసరం లేదని చెప్పడానికి పక్క రాష్ట్రమే సాక్ష్యం. 1939లో మద్రాసు ప్రజారోగ్య చట్టం వచ్చింది. దేశంలో అలాంటి చట్టాల్లో మొదటిదని చెప్తారు. 1953లో ఆంధ్ర రాష్ట్రం వచ్చేదాకా కడప జిల్లా మద్రాసులోనే ఉంది కాబట్టి ఆ చట్టం మనదీ. మునిసిపాలిటీకి ఆరోగ్యాధికారి ఉండాలి, నీళ్ళు, కాలువలు, తిండి, అంటురోగాలు చూడాలి అన్నది దాని సారం. తమిళనాడు ఆ పద్ధతిని నిలబెట్టుకుంది. ప్రజారోగ్యానికి విడిగా డైరెక్టరేట్, విడిగా బడ్జెట్, ఆ చదువు చదివిన ఆరోగ్యాధికారుల కేడర్ అక్కడ ఉన్నాయి. మన దగ్గరా డైరెక్టరేట్ ఉంది, జిల్లాకు డీఎంహెచ్‌ఓ ఉన్నారు. కానీ కింద పీహెచ్‌సీకి వచ్చేసరికి ఒకే డాక్టరు ఓపీ చూడాలి, టీకాలు చూడాలి, క్యాంపులకు పోవాలి, రిపోర్టులు, యాప్‌లు నింపాలి. ఇవన్నీ అయ్యాక మా మామ ఫ్యాక్టరీకి పోయి కట్టర్ చూడాలి. ఎప్పుడు పోతాడు? 2022లో కేంద్రం కూడా ప్రజారోగ్య కేడర్ విడిగా పెట్టుకోమని రాష్ట్రాలకు చెప్పింది. చెప్పడం వరకు అయ్యింది.

పులివెందుల మెడికల్ కాలేజీ గురించి 2024 నుంచి జరుగుతున్న గొడవ మనందరికీ తెలుసు. సీట్లు ఎందుకు పోయాయి, ప్రభుత్వం నడపాలా పీపీపీలో ఇవ్వాలా అని రెండు పార్టీల వాళ్ళూ కొట్టుకుంటున్నారు. ఆ వాదనలోకి నేను పోను. ఒక్కటే అడుగుతా: అక్కడ కమ్యూనిటీ మెడిసిన్ డిపార్ట్‌మెంట్ ఏం చేయాలి, ఏ ఊళ్ళకు పోవాలి, తుమ్మలపల్లె చుట్టుపక్కల నీళ్ళ సంగతి ఎవరు చూడాలి అని ఏ పార్టీ మనిషైనా మాట్లాడగా మీరు విన్నారా? నేను వినలేదు. పడకలెన్ని, సీట్లెన్ని అన్న దగ్గరే మాట ఆగిపోతోంది.

మరి ఇప్పటికిప్పుడు ఈ డాక్టరు కావాలంటే ఎక్కడికి పోవాలి? నేను తెలుసుకున్నంత చెప్తా.

ఊళ్ళో ఉంటే మొదటి మెట్టు విలేజ్ క్లినిక్, ఇప్పటి పేరు ఆయుష్మాన్ ఆరోగ్య మందిర్. అక్కడుండేది డాక్టరు కాదు, ట్రైనింగ్ అయిన నర్సింగ్ గ్రాడ్యుయేట్. ఏఎన్ఎం, ఆశా అక్క కూడా ఉంటారు. ముప్పై ఏళ్ళు దాటిన ప్రతి ఒక్కరికీ బీపీ, షుగర్, నోటి క్యాన్సర్, ఆడవాళ్ళకైతే రొమ్ము, గర్భాశయ ముఖద్వార క్యాన్సర్ల పరీక్ష ఉచితంగా చేయాలన్నది జాతీయ కార్యక్రమం. మీ అమ్మకు, నాయనకు అయ్యిందా? ఈ వారం ఫోన్ చేసి అడగండి. రెండో మెట్టు పీహెచ్‌సీ డాక్టరు. 104 బండితో ఊరికి వచ్చే రోజు ఏదో ఆశా అక్కకు తెలిసి ఉంటుంది.

టౌన్‌లో ఉంటే అర్బన్ పీహెచ్‌సీ. కాలువలు, దోమలు, కుళాయి నీళ్ళు, హోటళ్ళ శుభ్రత లాంటివైతే మునిసిపాలిటీ ఆరోగ్య విభాగం. ఆ ఆఫీసుకు మనం బర్త్ సర్టిఫికెట్ కోసం తప్ప పోము. వీధిలో నలుగురికి ఒకేసారి జ్వరం వస్తే పోవాల్సింది కూడా అక్కడికే.

ఒక్కరి జబ్బు కాకుండా ఊరి జబ్బు అనిపిస్తే కడపలో డీఎంహెచ్‌ఓ ఆఫీసు. ఆ చదువు చదివిన స్పెషలిస్టులే కావాలంటే కడప ప్రభుత్వ మెడికల్ కాలేజీ, మనం రిమ్స్ అంటాం కదా, అక్కడి కమ్యూనిటీ మెడిసిన్ విభాగం. నీళ్ళ మీద అనుమానం ఉంటే ఆర్‌డబ్ల్యూఎస్ వాళ్ళ ల్యాబ్‌లో పరీక్ష చేయించవచ్చు. వీటిలో ఏదీ ఫోన్‌లో స్టార్ రేటింగ్‌తో కనపడదు. అందుకే నాకు ఆ రాత్రి దొరకలేదు.

"ఫుల్ బాడీ చెకప్" ప్యాకేజీ ఈ పని చేయదా అని అడగొచ్చు. చెకప్ చేయించుకోవడం తప్పు కాదు. కానీ మా మామ ఎన్ని చెకప్‌లు చేయించుకున్నా, సోమవారం పొద్దున మళ్ళీ అదే పొడి కట్టర్ ముందు కూర్చుంటాడు. రిపోర్టులో దుమ్ము కనపడదు.

మనం చేయగలిగిందీ ఉంది. మన కెమిస్ట్రీ ల్యాబ్‌లో నీళ్ళ హార్డ్‌నెస్ ప్రయోగం ప్రతి సెమిస్టర్ చేస్తాం, అదీ కుళాయి నీళ్ళతో. దాని బదులు ఎవరి ఊరి బోరు నీళ్ళు వాళ్ళు తెచ్చి, ఫ్లోరైడ్, టీడీఎస్ కూడా చూసి ఒక మ్యాప్ మీద పెడితే? అరవై మందికి అరవై ఊళ్ళు. ఆ మ్యాప్ తీసుకుని రిమ్స్‌లో ఆ విభాగం వాళ్ళ దగ్గరకు పోతే వాళ్ళు వద్దంటారా? మెకానికల్ వాళ్ళు ఫైనల్ ఇయర్ ప్రాజెక్టుకు కొన్న కిట్ మళ్ళీ కొనే బదులు, చేతి కట్టర్‌కు నీళ్ళ పైపు బిగించే చౌక అటాచ్‌మెంట్ చేస్తే? మెడికోలకు ఇప్పుడు చదువులో భాగంగానే ఊళ్ళో కొన్ని కుటుంబాలను దత్తత తీసుకుని చదువైపోయేదాకా గమనించే పని ఉంది. వాళ్ళతో మనం ఒక్కసారైనా కలిసి పని చేశామా?

మామ సంగతి చెప్పి ముగిస్తాను. రాతి దుమ్ములో సిలికా ఎక్కువుంటే సిలికోసిస్ వస్తుంది. వస్తే తగ్గదు. 1948 ఫ్యాక్టరీల చట్టంలో అది తప్పకుండా రిపోర్టు చేయాల్సిన జబ్బుల జాబితాలో ఉండేది. మామది అంతదాకా పోలేదు. పీహెచ్‌సీ డాక్టరు ఆ ఎక్స్‌రేలన్నీ చూసి, దుమ్ముకు దూరంగా ఉంటే చాలావరకు తగ్గుతుందన్నాడు. మామ ఓనరును బతిమాలుకుని లోడింగ్‌కు మారాడు. కూలి తగ్గింది, దగ్గూ తగ్గింది. ఇంట్లో అందరం సంతోషించాం.

మొన్న ఫోన్ చేసినప్పుడు, "ఇప్పుడు కట్టర్ దగ్గర ఎవరున్నారు మామా?" అని అడిగాను. కొత్తగా ఒక పిల్లోడు చేరాడంట. పంతొమ్మిదేళ్ళు. నా కంటే ఒక సంవత్సరం చిన్న.

"వానికి చెప్పినావా?"

"చెప్పినా అబ్బీ. టవల్ కట్టుకుంటాడులే."

మామకు వైద్యం అయ్యింది. కట్టర్‌కు ఇంకా కాలేదు. ఆ ఫ్యాక్టరీలో ఇంకెంతమందికి దగ్గుందో లెక్క రాసుకునే డాక్టరు రెండోసారి వచ్చే తీరిక ఇంకా దొరకలేదు. ఆ తీరిక ఇచ్చే ఉద్యోగం, ఆ ఉద్యోగానికో మనిషి కావాలని ఈసారి ఓటు అడగడానికి వచ్చిన వాళ్ళను నేను అడుగుతాను. మీ ఊళ్ళో మీరూ అడగండి.